భీమిలిలో కాపురం

విశాఖపట్నం చూడడానికి వచ్చినవాళ్ళు చాలామంది ఒక పూట మా ఊరు కూడా వస్తారు. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఫోటోలు దిగి, బీచ్‌లో కాసేపు కాళ్ళు తడుపుకుని, "రోజూ సముద్రం చూస్తూ బతుకుతారు, ఎంత అదృష్టమండీ!" అనేసి బస్సెక్కేస్తారు. అదృష్టమే, కాదనను. కానీ సముద్రాన్ని చూసి వెళ్ళడం వేరు, దాని పక్కన సంసారం చెయ్యడం వేరు.

మా ఊరి అసలు పేరు భీమునిపట్నం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద సుమారు 25 కిలోమీటర్లు. బకాసురుణ్ణి చంపిన భీముడి పేరు మీద ఊరికి ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు (మనం ఒలందులు అంటాం) వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. అంటే దేశంలోని పాత మునిసిపాలిటీల్లో మాదీ ఒకటి. అయితే రైలు మా ఊరికి రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. ఓడలు అటే పోయాయి. మాకు లైట్‌హౌసు, గడియార స్తంభం, ఒలందుల సమాధులు, చేపల పడవలు మిగిలాయి.

ఇక ఇంటి సంగతికొద్దాం. ఉప్పుగాలి పెట్టే తిప్పలు ఇక్కడి ఆడవాళ్ళకే తెలుస్తాయి. గేటుకి, కిటికీ ఊచలకి ఏడాదికోసారి రంగు వెయ్యకపోతే తుప్పు పొరలుపొరలుగా రాలుతుంది. ఫ్రిజ్ కింది అంచులు, గ్యాస్ స్టవ్ కాళ్ళు ముందే పోతాయి. జాడీలో ఉప్పు నీరుకారిపోతుంది. అందుకని అడుగున నాలుగు బియ్యపు గింజలు వేసి పెడతాం. అప్పడాలు, వడియాలు డబ్బా మూత తీసిన గంటకే మెత్తబడతాయి. అగ్గిపెట్టె పొయ్యి గట్టు మీద కాకుండా మూతున్న స్టీలు డబ్బాలో ఉండాలి. వెండి కుందులు నెలకోసారి తోమాల్సిందే. పట్టుచీరలు బీరువాలో ఉంచేసి మర్చిపోతే అంతే సంగతులు. ఎండ బాగా కాసిన రోజు చూసి, నీడపట్టున ఆరేసి, మడతలు మార్చి పెట్టుకోవాలి.

కూర ఏం వండాలో కూడా మాకు సముద్రమే చెబుతుంది. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరాక చేపలమ్మే ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వస్తారు. "ఏటమ్మా, ఇంకా తలుపు తియ్యలేదు? నెత్తళ్ళు ఒచ్చీసాయి, ఏగిరం గిన్నె తే" అని కేకేస్తారు. ఎవరింట్లో సోమవారం ఉపవాసమో, ఎవరింటికి అల్లుడొచ్చాడో, ఎవరికి వంజరం కొనే స్తోమతుందో, ఎవరికి ఈ వారం అప్పు పెట్టాలో అన్నీ వాళ్ళకి తెలుసు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, ఇంజను పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. వేటకెళ్ళే ఇళ్ళల్లో ఆ రెండు నెలలూ చెయ్యి బిగబట్టుకుని బతకాలి. ముందే ఎండబెట్టి దాచుకున్న చేపలే అప్పుడు ఆదుకుంటాయి. మా ఇళ్ళల్లో ఆ రోజుల్లో తరచుగా అయ్యే కూర ఎండునెత్తళ్ళు, వంకాయ. నెత్తళ్ళ తలలు గిల్లేసి, ఉత్తి మూకుట్లో ఒక్క నిమిషం వేయించి, వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగితే ఇసక పోతుంది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి మగ్గాక వంకాయ ముక్కలు, పసుపు, కారం వేసి, కాస్త చింతపండు పులుసు పొయ్యాలి. ముక్క మెత్తబడ్డాక నెత్తళ్ళు వేసి దగ్గరగా ఉడికించాలి. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేసుకోండి, కొన్ని ఎండుచేపల్లో ముందే ఉంటుంది.

చిన్న ఊళ్ళో దాపరికం ఉండదని విసుక్కునేవాళ్ళున్నారు. ఆ విసుగు నాకూ వస్తుంది. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ దాపరికం లేకపోవడమే మమ్మల్ని కాపాడింది. చెట్లు విరిగి వీధులకడ్డం పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు. నుయ్యి ఉన్న ఇంటివాళ్ళు పెరటి తలుపు తీసి పెట్టేశారు. ఎవరింట్లో పసిపిల్లలున్నారో, ఎవరు మంచంలో ఉన్నారో అడగక్కర్లేకుండానే అందరికీ తెలుసు కాబట్టి బిందె ముందు వాళ్ళింటికే వెళ్ళింది.

ఇప్పుడు మా ఊరు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. అవతల భోగాపురంలో విమానాశ్రయం పని మొదలైన దగ్గర్నుంచీ స్థలాల ధరలు మా అందుబాటులో లేవు. రోడ్లు బాగుపడితే సంతోషమే. పెద్ద జబ్బు చేస్తే మేమూ విశాఖకే పరిగెత్తాలి, పిల్లల చదువులూ అక్కడే. నా భయం ఒక్కటే. చేపలు ఎండబెట్టుకోవడానికి ఇంత ఇసక, పడవ లాగిపెట్టుకోవడానికి ఇంత ఒడ్డు, వల బాగుచేసుకోవడానికి ఇంత నీడ ఉండాలి. వాటికి పట్టాలుండవు, కాబట్టి లెక్కల్లోకి రావు. ఒడ్డు పొడుగునా ప్రహరీలు లేస్తే గంప దించేందుకు ఆ ఆడవాళ్ళకి చోటెక్కడ? వాళ్ళు వెళ్ళిపోతే, ఎవరింట్లో ఏముందో తెలిసిన మనిషి కూడా ఈ వీధుల్లోంచి వెళ్ళిపోయినట్టే.

మీరు రావాలనుకుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య రండి, ఎండ బాధ ఉండదు. గోస్తనీ కలిసే చోట మాత్రం పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి, పైకి నిదానంగా కనబడినా లోపల లాగేస్తుంది. ఒలందుల సమాధుల దగ్గర చిప్స్ కాగితాలు పారెయ్యకండి. ఇసకలో చేపలు ఎండుతుంటే ముక్కు మూసుకుని పక్కనుంచి పోకుండా ఓ పావుకిలో నెత్తళ్ళు కొనుక్కెళ్ళండి. ఎలా వండాలో పైన చెప్పాను కదా.