పామిడి వంతెన దగ్గర తప్పిన దారి

హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి దాటాక పామిడి దగ్గర పెన్నేటిని దాటుతుంది. కశ్మీరు నుంచి కన్యాకుమారికి సైకిలు తొక్కేవాళ్లకు మామూలుగా అదే దారి. హైదరాబాదువాసి ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోయాక సైకిలు పట్టి, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచారు. ఆయన పెట్టిన ఫౌండేషన్ విధుల్లో అవయవాలు పోగొట్టుకున్న బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ జవాన్లకు ఆటల్లో శిక్షణ ఇస్తుంది. అందుకు కావలసిన విరాళాల కోసం ఇన్ఫినిటీ రైడ్ పేరుతో సుదీర్ఘ సైకిల్ యాత్రలు నడుపుతుంది. 2020లో ఆ యాత్ర కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా సాగింది. పామిడి దగ్గర రోడ్డు దక్షిణానికి పోతుంది, ఏరు తూర్పుకు తిరుగుతుంది. ఇలాంటి యాత్రలు ఒక్కసారైనా ఆ వంతెన దగ్గర రోడ్డును వదిలి ఏటి వెంట దిగాలని నా వాదన. దిగితే అవి సేకరించే డబ్బు ఎక్కడికి చేరాలో తెలుస్తుంది.

నందికొండల దగ్గర పెన్నేటి పుట్టుక, కర్ణాటక దాటి రావడం, తాడిపత్రి గుళ్లు, ఇవన్నీ ఇతరులు బాగా రాశారు. 597 కిలోమీటర్ల పెన్నేరులో నాకు కావలసింది గండికోట నుంచి కిందికి ఉన్న కొద్దిపాటి దూరమే. అక్కడికి చేరేలోగా ఒక మాట తేల్చుకోవాలి. కాలు పోయిన సైనికుడు కొండెక్కితే మనం దాన్ని గుండె ధైర్యం ఖాతాలో వేస్తాం. మేజర్ డి.పి.సింగ్ 1999 జులై 15న కార్గిల్ యుద్ధ సమయంలో గాయపడ్డారు, ఆ గాయంతో కాలు పోయింది. తొలి హాఫ్ మారథాన్ పరుగెత్తింది 2009లో. పారాచూట్‌తో ఆకాశం నుంచి దూకింది 2019లో, నాసిక్‌లో. బ్రిటిష్ గూర్ఖా దళంలో పనిచేసిన నేపాలీ హరి బుధా మగర్ 2010లో అఫ్ఘానిస్తాన్‌లో రెండు కాళ్లూ పోగొట్టుకుని, 2023 మే 19న ఎవరెస్టు ఎక్కి, గాయపడ్డ సైనికుల సంస్థలకు నిధులు కూడగట్టారు. ఒకరికి పరుగుకు పదేళ్లు, ఒకరికి శిఖరానికి పదమూడేళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ధైర్యం ఒక్కటే పనిచేసి ఉంటే ఇంత కాలం అక్కర్లేదు. ఆసుపత్రి, ఫిజియోథెరపీ, పింఛను, అన్నిటికంటే ముఖ్యంగా మళ్లీ మళ్లీ కొలతలు తీసి కాలు మార్చే మనిషి వెనక ఉన్నారు. మన సైన్యానికి 1944 నుంచి పుణెలో కృత్రిమ అవయవ కేంద్రం ఉంది. సైనికుడి సాహసం నిరూపించేది మనోబలాన్ని కాదనను. అంతకు మించి, ఆగని మరమ్మతును నిరూపిస్తుంది.

మరమ్మతు అని ఎందుకు అంటున్నానంటే, కృత్రిమ కాలిలో అసలు కీలకం పాదం కాదు, సాకెట్. మిగిలిన కాలి మొండికి అచ్చు పోసి చేసే గిన్నె అది. శస్త్రచికిత్స తర్వాత మొదటి ఏడాదిలో ఆ మొండి సన్నబడుతూనే ఉంటుంది. నిన్న బిగుతుగా ఉన్న సాకెట్ రేపు వదులవుతుంది, రాసుకుంటుంది, పుండు పడుతుంది. పుండు పడ్డ మనిషి కాలు తీసి అటక మీద పెట్టి మళ్లీ చంక కర్రలు పట్టుకుంటాడు. బిడ్డలకైతే ఎదిగే కొద్దీ మార్చాల్సిందే. 1968లో పి.కె.సేఠీ, రామచంద్ర శర్మ తయారు చేసిన జైపూరు కాలు ఎంత గొప్పదంటే, దానితో చెప్పులు లేకుండా బురదలో నడవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. చీనీ తోటలో పాదులు చేసే మనిషికి కావలసింది పరుగు పందెం బ్లేడు కాదు, అదే. కానీ దాన్నీ సరిచేయించుకోవాలి. మన శిబిరాలు ఒక పూట కొలిచి, ఒక పూట ఇచ్చి, ఫొటో దిగి పోతాయి.

ఇప్పుడు గండికోట. ఎర్రమల కొండల్ని కోసుకుని ఏరు పారే లోయను చూడటానికి రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వస్తారు. దానికి ఎగువన 26.85 టీఎంసీల జలాశయం ఉందని వాళ్లలో ఎందరికి తెలుసో! కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఆ నీళ్లలోకి పోయాయి. 2020లో నీటిమట్టం పెంచుతున్నప్పుడు, పరిహారం పూర్తిగా అందకుండానే ఇళ్ల ముందుకు నీళ్లొచ్చాయని ఆ ఊరివాళ్లు రోజుల తరబడి ఆందోళన చేశారు. సాగునీళ్లు అక్కర్లేదని ఈ కరవు సీమలో ఎవరూ అనరు. అభ్యంతరమంతా లెక్క మూసే పద్ధతి మీదే. ఇల్లు పోయినవాడికి ఒక చెక్కు, కాలు పోయినవాడికి ఒక కాలు, రిజిస్టరులో ఒక సంతకం, అంతటితో ఆ మనిషి పని అయిపోయినట్టే. నిర్వాసితుడికి ఊరు మళ్లీ ఊరు కావడానికి ఒక తరం పడుతుంది. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే అలవాటు రెండు చోట్లా ఒకటే.

మైలవరం జలాశయం దిగువన జమ్మలమడుగు. ఇక్కడ దానం ఎలా నిలుస్తుందో చూపే సాక్ష్యం ఒకటుంది. లండన్ మిషన్ వాళ్లు డాక్టర్ క్యాంప్‌బెల్ పేరున నిలిపిన ఆసుపత్రి అది. ఎక్కడో సముద్రాల అవతల చర్చిల్లో పోగైన చిల్లర డబ్బు ఇక్కడ గోడలుగా, మంచాలుగా, జీతం తీసుకునే నర్సులుగా మారింది కాబట్టే తరాలపాటు జనానికి అక్కరకొచ్చింది. మిషనరీల ఉద్దేశాల మీద ఎవరికేం తగువున్నా, ఖర్చు పెట్టిన తీరు మీద తగువు పడనక్కర్లేదు.

ఈ చుట్టుపక్కల కాళ్లు పోయేది యుద్ధంలో కాదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల బండల గనుల్లో, రాత్రిపూట లారీల రోడ్ల మీద, ముదిరిన షుగరు పుండ్లతో, ఒకప్పుడు ముఠా కక్షల నాటుబాంబులతో. సైనికుడి త్యాగాన్నీ గనికూలీ ప్రమాదాన్నీ ఒకే గాట కట్టకూడదని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. గౌరవంలో తేడా ఉండనివ్వండి, పతకం సైనికుడికే. సాకెట్ వదులైనప్పుడు పడే పుండుకు మాత్రం ఆ తేడా తెలియదు. అయినా సైనికుల మధ్యే ఎన్ని మెట్లున్నాయి! బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ జవాన్లకు సైన్యం నుంచి వచ్చినవాళ్లకున్న మాజీ సైనికుడి హోదా లేదు. ఆదిత్య మెహతా సంస్థ పుట్టి పని వెతుక్కున్నది ఆ ఖాళీలోనే. ఒక ఖాళీని చూసినవాళ్లు దాని పక్కనున్న ఖాళీని కూడా చూడగలరు.

అలాంటి పక్క ఖాళీ ఒకటి పులివెందుల వైపు ఉంది. ఆ ఊరు పెన్నేటి ఒడ్డున లేదు. దాని ఏరు మొగమేరు, అది పాపాఘ్నిలో కలిసి, పాపాఘ్ని కమలాపురం దగ్గర పెన్నేటిలో కలుస్తుంది. ఇంకో దారిలో మాత్రం పెన్నేరే పులివెందులకు ఎదురెక్కుతుంది. గండికోటకు చేర్చిన నీళ్లను మోటార్లతో పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయంలోకి ఎత్తిపోస్తారు, అక్కడి నుంచి అరటి, చీనీ తోటలకు. నీళ్లు ఎగువకు పారాలంటే ప్రభుత్వం తలుచుకోవాలి, కరెంటు బిల్లు ఏటేటా కట్టాలి. అదే నియోజకవర్గంలో తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు వల్ల బోర్లు పాడయ్యాయని కె.కె.కొట్టాల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాళ్ల మాట పైకి ఎక్కడానికి ఏ మోటారూ పెట్టరు.

అంటే ఇదంతా ప్రభుత్వం పని కదా, విరాళాలు అడగడం సర్కారును తప్పించడమే కదా అని మరో అభ్యంతరం. ఇది బలమైనదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, కాన్పూరులో 1972 నుంచి కృత్రిమ అవయవాల ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ఉంది, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటే రాష్ట్రంలో 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఉంది. ఇవన్నీ హక్కులు, వీటికి ఎవరూ సైకిలు తొక్కనక్కర్లేదు. పింఛను డబ్బుతో బియ్యం కొనొచ్చు. వదులైన సాకెట్‌ను సరిచేసే మనిషి పక్క ఊళ్లో లేకపోతే ఆ డబ్బు బస్సు చార్జీలకూ కూలి నష్టానికీ పోతుంది. విరాళం ఆ మనిషిని మూడేళ్లు నిలబెట్టి చూపిస్తే, నాలుగో ఏడు ఆ జీతం బడ్జెట్‌లో పెట్టమని అడగడానికి లెక్కలు చేతిలో ఉంటాయి. ఖాళీ చేతులతో అడిగేదానికంటే ఆ అడగడం గట్టిగా ఉంటుంది.

ఇలాంటి సాహసాలు కొండలెక్కలేని వికలాంగులను చిన్నబుచ్చుతాయనే మూడో మాటను నేను కొట్టిపారేయను. ఎక్కినవాడి పక్కన కూర్చున్నవాడు సోమరిలా కనిపిస్తాడు. అందుకే దూరంతో కొలవడం మానాలి. కెనడాలో టెర్రీ ఫాక్స్ సైనికుడు కాడు, క్యాన్సర్‌కు కాలు పోగొట్టుకున్న కుర్రవాడు. 1980లో అట్లాంటిక్‌లో కాలు ముంచి పసిఫిక్ వైపు పరుగు మొదలుపెట్టి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పోయి, జబ్బు తిరగబెట్టి ఆగిపోయాడు. అవతలి సముద్రం చేరలేదు, మరుసటి ఏడాది చనిపోయాడు. దారి సగంలో తెగినా, క్యాన్సర్ పరిశోధనకు ఆయన పేరున నేటికీ డబ్బు వస్తూనే ఉంది.

ఇక ప్రొద్దుటూరు. బంగారం అంగళ్ల ఊరు, కన్యకా పరమేశ్వరి గుడి దసరాకు అమ్మవారి అలంకారాల మీద, ఊరేగింపుల మీద పెట్టే ఖర్చుకు వెనకాడని ఊరు. ఇక్కడ దాతృత్వానికి కొదవ ఉందని చెప్పేవాడు ఈ ఊరు తెలియనివాడు. కొదవంతా అడిగే తీరులోనే. ఊళ్లో జిల్లా ఆసుపత్రి ఉంది. దానిలో ఒక గది, పాలిమర్ పలకను మెత్తబరిచే ఓవెన్ ఒకటి, ప్లాస్టర్ బస్తాలు, రాసి నునుపు చేసే యంత్రం, చదువుకున్న టెక్నీషియన్ ఒకరు చాలు. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ బస్సులో వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. సైకిలు యాత్ర పామిడి దగ్గర తిరిగి ఏటి వెంట వచ్చి ఈ గది ముందు ఆగితే, తొక్కిన జవాను మొదట తన సొంత సాకెట్‌నే అక్కడ సరిచేయించుకోవచ్చు. అంత దూరం తొక్కాక వదులవ్వకుండా ఉండదు.