‘లేదు’ అంటే ఏం లేనట్టు?

ఏదైనా సీ లైబ్రరీని సోర్స్ నుంచి కట్టేటప్పుడు ముందు కాన్ఫిగర్ నడుపుతాం కదా. స్క్రీన్ మీద వరసలు దొర్లిపోతాయి. ఫలానా హెడర్ ఉందా? ఉంది. ఫలానా ఫంక్షన్ ఉందా? లేదు. మనలో చాలామందిమి అవి చదవం. చివర్లో ఎర్రర్ రాకపోతే చాలు, మేక్ కొట్టేసి క్యాంటీన్‌కి వెళ్ళిపోతాం.

అసలు ఇన్ని ప్రశ్నలెందుకు? సీ భాష ఒకటే అయినా, దాని కింద నేల ఊరికో రకం. లాంగ్ అనే టైపు 64 బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లే. స్ట్రల్‌కాపీ ఫంక్షన్ ఓపెన్‌బీఎస్‌డీలో 1998లోనే వచ్చింది, లైనక్స్ వాళ్ళ జీలిబ్‌సీలోకి 2023లో గానీ రాలేదు. పోనీ సిస్టమ్ పేరు చూసి నిర్ణయిద్దామంటే, లైనక్స్‌లోనే జీలిబ్‌సీ ఉంది, మజిల్ ఉంది. మజిల్ వాళ్ళు ‘ఇది మజిల్’ అని చెప్పే మాక్రో కావాలనే పెట్టలేదు. పేరు అడక్కండి, మీకు కావాల్సిన పని జరుగుతుందో లేదో అడగండి అని వాళ్ళ వాదన.

1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ పద్ధతీ అదే. ఆ ఫంక్షన్‌ని పిలిచే బుల్లి ప్రోగ్రామ్ ఒకటి రాసి, కంపైలర్‌కీ లింకర్‌కీ ఇస్తుంది. కుదిరితే ‘ఉంది’, కుదరకపోతే ‘లేదు’. అంతే సంగతి.

చిక్కంతా ఆ రెండో మాటలోనే ఉందని మా ప్రాజెక్టులో తెలిసింది.

మాది బోరు మోటారుని కాపాడే బోర్డు. బోరులో నీళ్ళు తగ్గితే మోటారు లాగే కరెంటు కాస్త తగ్గుతుంది. అది కనిపెట్టి మోటారు ఆపాలి. మా టీమ్‌లో ఒకడి నాన్నగారి పొలంలోనే దాన్ని బిగించాలని అనుకున్నాం. మోటారు కాలిపోతే రీవైండింగ్ ఖర్చు ఎంతవుతుందో వాళ్ళింట్లో అందరికీ తెలుసు. కరెంటు లెక్కకి వర్గమూలం కావాలి. సీనియర్ అన్న ఒకాయన ఇచ్చి వెళ్ళిన లైబ్రరీ వాడాం.

బోర్డు మీద ఒక్క ఎర్రర్ లేకుండా బిల్డ్ అయింది. కానీ క్లాంప్ మీటర్ 5.8 చూపించినా, 5.1 చూపించినా మా బోర్డు మాత్రం 5 అనే అంటోంది. నీళ్ళున్నా లేకున్నా దానికి తేడా తెలీదు.

సెన్సర్ మార్చాం, వైర్లు మార్చాం. చివరికి మా టీమ్‌లో అమ్మాయి కాన్ఫిగ్ డాట్ లాగ్ తెరిచి, “ఒరేయ్, దీని ప్రకారం ఈ బోర్డులో వర్గమూలం ఫంక్షనే లేదంట!” అంది. ఉంది. కాకపోతే జీలిబ్‌సీలో అది విడిగా గణితం లైబ్రరీలో ఉంటుంది. దాన్ని కలపకుండా అడిగితే లింకర్ దొరకలేదంటుంది. అన్న రాసింది మ్యాక్‌లో. అక్కడ ఏదీ కలపకుండానే దొరుకుతుంది. ‘లేదు’ అని వస్తే వాడుకోడానికి ఆయన పెట్టిన సొంత ఫంక్షన్ పూర్ణాంకం వరకే లెక్కేస్తుంది. అది గప్‌చుప్‌గా పనిలోకి దిగిపోయింది.

అంటే ‘లేదు’కి రెండు అర్థాలు. నిజంగా లేకపోవడం ఒకటి, అడిగిన తీరు సరిగా లేకపోవడం ఇంకోటి. రెండింటికీ స్క్రీన్ మీద కనిపించేది ఒకే మాట.

ఈ సందుని దొంగలు కూడా వాడుకున్నారు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అదే లైబ్రరీ సీమేక్ ఫైల్లో, ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందా అని అడిగే బుల్లి ప్రోగ్రామ్‌లో ఎవరికీ కనపడనట్టు ఒక చుక్క పెట్టారు. ఒక్క ఫుల్‌స్టాప్! దాంతో ఆ ప్రోగ్రామ్ ఏ మెషీన్‌లోనూ కంపైల్ కాదు. జవాబు ఎప్పుడూ ‘లేదు’. రక్షణ ఆగిపోతుంది, బిల్డ్ మాత్రం సాఫీగా సాగిపోతుంది.

మా లైబ్రరీలో ఇప్పుడు ముందు మామూలుగా అడుగుతాం, దొరక్కపోతే గణితం లైబ్రరీ కలిపి అడుగుతాం. అప్పటికీ లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది, ఎందుకాగిందో ఒక వాక్యంలో చెబుతుంది. మోటారు ఆపాల్సిన బోర్డుకి సర్దుకుపోయే గుణం పనికిరాదు.

జూనియర్లకి ఒక్క మాట: ‘ఉంది’ అన్న వరసలు వదిలేసినా ఫర్వాలేదు. ‘లేదు’ అన్నచోట మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఏమని అడిగితే అలా అందో చూడండి.