నాగార్జునకొండకు లాంచీలో

మా కాలేజీలో విహారయాత్ర అనగానే నాకు మాత్రం సెలవు దొరికేది. నేను అడక్కుండానే! ‘మీకెందుకు మేడమ్ శ్రమ’ అనేవారు ప్రిన్సిపాలుగారు. ఆయన మంచివారే. దారిలో నాకు మూర్ఛ వస్తే పిల్లల్ని చూసేదెవరు, నన్ను చూసేదెవరు అన్నది ఆ మాటకు అసలు అర్థం.

ఈ జనవరిలో నేనే వెళ్ళి, ‘ఈసారి పిల్లల్ని నాగార్జునకొండకు నేను తీసుకువెడతాను’ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నలభై ఏడేళ్ళ మనిషి లాంచీ ఎక్కడంలో విశేషమేముందని మీరనవచ్చు. నా పద్నాలుగో ఏట, కార్తికమాసంలో, అమ్మమ్మగారి ఊళ్ళో కృష్ణలో స్నానం చేస్తూ మోకాటిలోతు నీళ్ళలో పడిపోయాను. ఎవరో జడ పట్టుకుని లాగారట. తెలివి వచ్చేసరికి ఇసకలో పడుకుని ఉన్నాను. గుప్పిట్లో అమ్మమ్మ తాళాలగుత్తి. ఇనుము పట్టిస్తే మూర్ఛ దిగుతుందని ఆవిడ నమ్మకం. ఆ తర్వాత ముప్పైమూడేళ్ళపాటు కృష్ణమ్మను రైలు కిటికీలోంచి చూడడమే.

తెల్లవారుజామున 5 గంటలకు నరసరావుపేటలో బస్సు ఎక్కాం. పిల్లలు పాటలు మొదలుపెట్టారు. మాచర్ల దాటేసరికి బాగా వెలుగు వచ్చింది. రోడ్డుకు అటూ ఇటూ మిరపచేలు ఎర్రబడుతున్నాయి. అప్పుడు లేచి నిలబడి, నా సంగతి చెప్పాను. చెప్పకుండా వాళ్ళను నీళ్ళమీదికి తీసుకువెళ్ళడం న్యాయం కాదు.

నా ఎడమ మెడయెముక కింద, చర్మం లోపల, బొత్తాం గడియారమంత యంత్రం ఉంది. దానినుంచి సన్నని తీగ మెడలోకి వెళ్ళి, ఎడమవైపు వేగస్ నాడిని చుట్టుకుని ఉంటుంది. వేగస్ అంటే లాటిన్‌లో తిరుగుబోతు అని అర్థం. మెదడు అడుగున బయలుదేరి గొంతు, గుండె, ఊపిరితిత్తులు చూసుకుని కడుపుదాకా పోతుంది కనక ఆ పేరు. కుడివైపు నాడికి గుండెతో సంబంధం ఎక్కువ కాబట్టి ఎడమదాన్నే పట్టుకుంటారు. నా యంత్రం 5 నిమిషాలకొకసారి 30 సెకన్లపాటు ఆ నాడికి కొంచెం విద్యుత్తు పంపుతుంది, రాత్రీ పగలూ. మనిషికి దీన్ని మొదటిసారి అమర్చింది 1988లో, అమెరికాలో. అక్కడి ప్రభుత్వం 1997లో అనుమతించింది. మందులు పనిచెయ్యక, మెదడుకు ఆపరేషన్ వీలుకాని నాలాంటివాళ్ళకు ఇది. రోగం పోదు, తగ్గుతుంది. కొందరికి అదీ తగ్గదు. నాకు నెలకు నాలుగైదుసార్లు వచ్చేది, ఈ ఆరేళ్ళలో రెండు నెలలకొకసారికి దిగింది. మాత్రలు మానలేదు.

‘మరి ఆ నల్లబిళ్ళ ఏమిటి మేడమ్?’ అంది ముందు సీట్లో పిల్ల. నా కుడిచేతికి గాజుల మధ్య పట్టీతో కట్టిన అయస్కాంతం అది. మూర్ఛ వస్తున్నట్టు తోచగానే యంత్రంమీదుగా ఒకసారి పోనిస్తే, వేళకాకపోయినా అది పనిచేస్తుంది. అదిమి పట్టుకుంటే, పట్టుకున్నంతసేపూ ఆగిపోతుంది. దీనితో వచ్చిన చిక్కల్లా చీరకు పెట్టుకున్న పిన్నీసును కూడా లాగెయ్యడమే! పిల్లలు నవ్వారు. నేను పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టమనీ, నోట్లో ఏదీ పెట్టవద్దనీ, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పాను. తాళాలు అక్కర్లేదన్నాను. మళ్ళీ నవ్వారు. ముందు సీటు పిల్ల మాత్రం నవ్వలేదు.

ముందు అనుపు చూశాం. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేసేనాటికే, మునిగిపోబోయే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిని బయటపెట్టారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, తెచ్చి, కొండమీదా ఈ అనుపులోనూ మళ్ళీ కట్టారు. ఇక్కడున్నది రంగస్థలం. నడుమ చదునైన నేల, చుట్టూ రాతిమెట్లు. పిల్లలు మెట్లమీద కూర్చుని, పల్నాటి వీరచరిత్ర చదవమన్నారు. పల్నాటి నడిబొడ్డున శ్రీనాథుడి ద్విపద చదవమంటే కాదంటానా?

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. యంత్రం పనిచేసే ఆ అరనిమిషం నా గొంతు బొంగురుపోతుంది. క్లాసులో ఆ అరనిమిషం బోర్డుమీద రాస్తాను, లేదా ఎవరినో లేపి ప్రశ్న వేస్తాను. పద్యం మధ్యలో అలా కుదరదు. తెలుగు చెప్పుకుని బతికేదానికి గొంతే కదా ఆస్తి! ఆపరేషన్‌కు ముందు నేను ఏడ్చింది కోతకు కాదు, గొంతుకు.

ఆవేళ అయస్కాంతాన్ని గుండెకేసి అదిమి పట్టుకుని, పది నిమిషాలు చదివాను. ఆ రాళ్ళ మధ్య నా గొంతు పాతగొంతులా వినిపించింది. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత లాంచీ. అందరికీ నారింజరంగు రక్షణ కోట్లు తొడిగారు. ఒడ్డు విడిచాక మొదటి పావుగంట నేను రెయిలింగు వదల్లేదు. నల్లమల కొండలు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. ఏ ఊరు, ఏ వీధి, ఏ విహారం మీదుగా పోతున్నామో తెలియదు. కొండమీద మ్యూజియంలో మునగక ముందటి లోయ నమూనా ఉంది. పిల్లలంతా శిల్పాల దగ్గర ఫోటోలు తీసుకుంటూంటే, నేను దాని దగ్గరే నిలబడిపోయాను. ఆ ఆకుపచ్చ ఛాయ పలనాటి రాయిలో అంత మెత్తని బట్టమడతలు ఎలా చెక్కారో కూడా చూడవలసిందే. దాని గురించి వేరే ఎవరైనా రాస్తారు.

తిరుగు ప్రయాణంలో వచ్చింది. కడుపులోంచి ఏదో పైకి పొంగుతున్నట్టు ఉంటుంది, నాకది ముప్పైమూడేళ్ళుగా తెలుసు. గబగబా అయస్కాంతం గుండెమీదుగా పోనిచ్చాను. గొంతులో ఏమీ తెలియలేదు. మళ్ళీ పోనిచ్చాను. అప్పుడు తట్టింది, మధ్యలో ఆ రక్షణకోటు దిండులా ఉంది! అందదు. కోటు పట్టీ విప్పుదామని చెయ్యి వేశాను. అంతవరకే గుర్తు.

మిగిలింది పిల్లలు చెప్పారు. ముందు సీటు పిల్లే నన్ను పక్కకు తిప్పి, కోటు పట్టీలు ఊడదీసి, నా చేతి అయస్కాంతాన్నే యంత్రంమీదుగా పోనిచ్చిందట. నిమిషంన్నరలో తగ్గిందట. గడియారం చూసి మరీ చెప్పింది.

కళ్ళు తెరిచేసరికి లాంచీ ఆయన కంగారుగా వంగి ఉన్నాడు. ఆయన తాళాలగుత్తి నా మణికట్టుకు అతుక్కుని వేళ్ళాడుతోంది. వద్దంటున్నా వినకుండా చేతిలో పెట్టబోతే, అయస్కాంతం లాగేసుకుందట. ‘ఇదేం చిత్రమమ్మా, రావడంలేదు!’ అంటూ ఒక్కొక్క తాళమే ఊడదీసుకున్నాడాయన. నాకు నవ్వు వచ్చింది. నవ్వితే గొంతు బొంగురుగా వచ్చింది. యంత్రం తన పని తను చేస్తోందన్నమాట.

అనుపులో ఆ పది నిమిషాలు ఆపినందుకే వచ్చిందా అని డాక్టరుగారిని అడిగాను. అలా చెప్పలేమన్నారు. నీళ్ళ దగ్గర కోటుకు పైన కాదు, లోపల అందేలా చూసుకోమన్నారు.

తిరిగి వస్తూంటే బస్సులో ఆ పిల్ల నా పక్క సీట్లోకి వచ్చింది. వాళ్ళక్కకు ఇదే జబ్బట. పెళ్ళి కుదిరింది, అవతలివాళ్ళకు చెప్పలేదు. ఆ పెళ్ళి చెల్లదేమోనని ఇంట్లో భయం. హిందూ వివాహ చట్టంలో ఆ మాట ఉండేదనీ, 1999లో తీసేశారనీ చెప్పాను. మా పెళ్ళి 2001లో. అయినా మా అత్తగారి తరఫువాళ్ళు మూడేళ్ళదాకా నన్ను పొయ్యి దగ్గరికి వెళ్ళనిచ్చేవారు కాదు, చట్టం సంగతి చట్టానిది.

‘ఆ యంత్రం ఎంతవుతుంది మేడమ్?’ అంది. లక్షల్లో ఉంటుందన్నాను. చాలామందికి మందులతోనే తగ్గుతుందనీ, ముందు మంచి డాక్టరుకు చూపించాలనీ చెప్పాను.

ఆదివారం అక్కనూ, వాళ్ళమ్మనూ మా ఇంటికి తీసుకువచ్చింది. వాళ్ళమ్మ కూర్చోకుండానే, ‘మీరు పెళ్ళికి ముందు చెప్పారా అమ్మా?’ అని అడిగింది.

చెప్పామన్నాను. కూర్చోమని చెప్పి, కాఫీకి నీళ్ళు పెట్టడానికి లేచాను.