తిత్తి పోయె, బరువు వచ్చె

నా పిత్తాశయం పోయి పద్నాలుగు నెలలయింది. ఉన్నన్నాళ్లూ అదెక్కడున్నదో నాకు తెలియదు. పోయిన తర్వాతనే దాని చరిత్ర చదివాను. తెలుగు పంతులమ్మకు ఇది తగిన పనేనా అంటారేమో, పోయినవారిని గురించి చదవడమే గదండీ మా వృత్తి!

ఆపరేషన్ నాడు నా బరువు 61 కిలోలు. ఇప్పుడు 70. యంత్రం అబద్ధమాడుతున్నదేమోనని మూడు చోట్ల తూయించుకొన్నాను. మూడూ ఒక్క మాట మీద నిలబడ్డాయి.

"మేడమ్‌గారికి పైత్యం పోయింది, ఇక కవిత్వం రాయరు కాబోలు" అన్నారు మా కాలేజీలో ఒకాయన. పాపం, పిత్తం పుట్టేది తిత్తిలో కాదని ఆయనకు తెలియదు. పుట్టేది కాలేయంలో, రోజుకు అరలీటరు మొదలు లీటరు దాకా. తిత్తి ఒట్టి గాదె. వచ్చిన రసంలో నీరు పీల్చి, చిక్కబరచి దాచుకొని, మనం నేతిగారెలు తిన్నవేళకు ఒక్క ఊపున ప్రేగులోకి వదులుతుంది. గాదె తీసేసినంత మాత్రాన పంట ఆగదు గదా! ఆ రసం ఇప్పుడు కొద్దికొద్దిగా రోజంతా జారుతూనే ఉంటుంది. కనుక నా పైత్యం ఎక్కడికీ పోలేదు, ఆయన భయపడవచ్చు.

మొట్టమొదట ఈ తిత్తిని కోసి తీసినవాడు కార్ల్ లాంగెన్‌బుఖ్, బెర్లిన్‌లో, 1882 జూలై 15న. రోగికి నలభైమూడేళ్లు, ఇంచుమించు నా ఈడే. ఏళ్ల తరబడి నొప్పితో చిక్కి శల్యమైనవాడు, ఆరు వారాలకు నొప్పి లేకుండా, ఒళ్లు చేస్తూ ఇంటికి వెళ్లాడట. అతనికి ఒళ్లు వస్తే వైద్యుని ప్రతిభ. నాకు వస్తే తిండిపోతుతనం!

నాకు కోసిన సర్జనుగారు అంతమాట అనలేదు గాని, తల ఎత్తకుండానే "తిండి తగ్గించండి" అని సెలవిచ్చారు. "ఇదివరకు నొప్పికి జడిసి నూనె, నెయ్యి ముట్టేవారు కాదు, ఇప్పుడు జంకు తీరింది, అంతే" అన్నారు. చాలామంది విషయంలో ఇది నిజమే కావచ్చు. కాని నా చేతిసంచీలో ఒక నోటుపుస్తకం ఉన్నది. నలభై రోజులపాటు నా నోట పడినదల్లా, గిన్నెల కొలతలతో సహా, అందులో రాశాను. దాన్ని ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాని మీద మందుల చీటీ పెట్టి సంతకం చేశారు.

ఆ పుస్తకం చదివినది ఇంకొక డాక్టరమ్మ. మా విద్యార్థినుల కన్న నాలుగేళ్లు పెద్దదై ఉంటుందేమో. ఒక్కొక్క పేజీ తిప్పి చదివింది. థైరాయిడ్ మందగిస్తే తిత్తిలో రాళ్లూ రావచ్చు, ఒళ్లూ రావచ్చునని ముందు అది పరీక్ష చేయించింది. సరిగానే ఉన్నది. పరగడుపు చక్కెర మాత్రం 112. నూరు దాటకూడదు, 126 అయితే పేరు పెట్టి పిలవవలసిందే. ఆ పేరు మా ఇంటికి కొత్తది కాదు. మా నాన్నగారి కుడికాలి వేళ్లు రెండు అదే తిన్నది.

"మీరు రాసినది నమ్ముతున్నాను" అన్నది ఆ పిల్ల. "పైత్యరసం కొవ్వు కరిగించడానికే కాదండీ, ఒంట్లో చక్కెర, కొవ్వు నడతకు సంకేతాలు కూడా ఇస్తుంది. మీ బరువుకు అదే కారణమా అంటే, నాకు తెలియదు."

ఇరవై ఏళ్లుగా వ్యాఖ్యానాలు చదువుతున్నాను. ఎంత కొరుకుడు పడని పద్యం వచ్చినా, ఏ వ్యాఖ్యాతా ఈ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. ఆ రాత్రి చాలా రోజులకు నిద్ర పట్టింది.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష. రాత్రి భోజనమయ్యాక నడక. ఎనభై ఏళ్ల మా అమ్మకు మాత్రం నన్ను చూస్తే సంబరం: "ఇప్పటికి కాస్త కండ పట్టావే తల్లీ" అంటూ, నేను వద్దనేలోగా పప్పులో నెయ్యి వేసేస్తుంది. నిన్నటి పేజీలో అదీ ఎక్కించాను: అమ్మ నెయ్యి, చెంచాడు.