అయస్కాంతం అంటుకోని చోట

ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో కరోజన్ చాప్టర్ గుర్తుందా? ఆనోడ్, కాథోడ్, డిఫరెన్షియల్ ఏరేషన్... చదివేశాం, పరీక్షలో రాసేశాం, మర్చిపోయాం. నాకు మాత్రం మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ చాప్టర్‌తో మళ్ళీ పని పడింది. ఈసారి మార్కుల గొడవ కాదు. మా నాన్న చీటీ పాడి తెచ్చిన 1,20,000 రూపాయల గొడవ.

నాన్నకి అంబాసిడర్ కొనాలని ఎప్పటినుంచో కోరిక. మా తాతయ్య విశాఖపట్నం స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. నాన్న చదువు, అత్త పెళ్ళి, అన్నీ ఆ బండి సంపాదించిపెట్టినవే. తాతయ్య పోయాక అప్పులకి దాన్ని అమ్మేశారు. 2014లో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ ఆపేసిందన్న వార్తని నాన్న పేపర్లోంచి కత్తిరించి బీరువాలో దాచుకున్నారు. అమ్మ గొడవ వేరే. "వానొస్తే డాబా కారుతోంది, ముందు అది చూడండి" అంటుంది. నా దృష్టిలో ఇద్దరూ కరెక్టే. అందుకే ఆ డబ్బు పనికిరాని బండి మీద పోకూడదు అనుకున్నా.

దొరికిన బండి 1988 మోడల్. తెల్లగా మెరిసిపోతోంది. నాన్న స్టీరింగ్ ముందు కూర్చున్న తీరు చూస్తే అడ్వాన్స్ అక్కడే ఇచ్చేసేలా ఉన్నారు. అదృష్టం కొద్దీ మా వీధి టింకరింగ్ మేస్త్రి బాబాయ్‌ని కూడా తీసుకెళ్ళాం.

"ఇంజిన్ సంగతి తర్వాత, మాస్టారూ. ఇంజిన్ పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. బాడీ పోతే బండే పోయినట్టు" అన్నాడాయన.

ఎందుకంటే అంబాసిడర్‌కి లారీలాగా కింద విడిగా చాసిస్ ఉండదు. బాడీయే అస్థిపంజరం. ఫ్లోరు, తలుపుల కింద పొడవుగా ఉండే బాక్సు లాంటి భాగాలు, అన్నీ కలిసే బరువు మోస్తాయి. వెనక కమాన్ పట్టీలు బిగించేది కూడా ఆ బాడీకే. అక్కడ తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన సమస్య కాదు, ప్రాణానికి సంబంధించినది.

బాబాయ్ జేబులోంచి ఒక చిన్న అయస్కాంతం తీసి, పెయింట్ గీరుకుపోకుండా గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. బానెట్ మీద పెడితే టక్కున పట్టుకుంది. తలుపు మీద కూడా. చక్రం పైన వంపు దగ్గర పట్టు సగమైంది. తలుపు కింద అంచున పెడితే జారి కింద పడింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. తుప్పు తినేసిన చోట పుట్టీ మెత్తి, రుద్ది, రంగు కొట్టేశారన్నమాట. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ వస్తోందని ట్రై-క్యాచ్ రాసి, క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలేయడం. ప్రోగ్రామ్ రన్ అవుతుంది. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలీదు.

తర్వాత వేలితో కొట్టి వినమన్నాడు. మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ ఉన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తితే తడి వాసన. ముందు అద్దం చుట్టూ రబ్బరు ఎండిపోతే వాన నీళ్ళు లోపలికి దిగి మ్యాట్ కింద నిలుస్తాయట. గాలి తగలని ఆ చోటే ముందు పాడవుతుంది. డిఫరెన్షియల్ ఏరేషన్ అంటే ఇదే కదా అని అప్పుడు వెలిగింది నాకు! తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింట్ బుడగలా పైకి లేస్తుంది. మనకి కనిపించేది చిన్న బుడగే, కింద ఉండే మచ్చ అంతకంటే పెద్దది. పైగా మాది సముద్రపు ఊరు. తేమలో ఉప్పు కలిస్తే ఆ రియాక్షన్ ఇంకా జోరందుకుంటుంది.

చివరికి బండి కిందకి దూరాం. అంతా కొత్తగా నల్ల కోటింగ్. "ముప్పై ఏళ్ళు దాటిన బండికి అడుగున కొత్త నలుపేంటి?" అని గొణిగాడు బాబాయ్. ఓనర్ని అడిగి, వెనక కమాన్ పట్టీ బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కాడు. అది లోపలికి దిగిపోయింది. గోధుమరంగు పొడి నా మొహం మీద రాలింది.

"పాత బండన్నాక ఆ మాత్రం ఉండదా?" అని ఓనర్ రేటు 80,000కి దించేశాడు. నాన్న నావైపు చూశారు. తగ్గింది కదా అన్న ఆశ ఆ చూపులో స్పష్టంగా ఉంది. నాకు నోరు రాలేదు. కానీ చెప్పకపోతే ఎలా? "నాన్నా, అది సరిగ్గా అమ్మ కూర్చునే సీటు కిందే ఉంది" అన్నాను. నాన్న రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత బండి పైకప్పు మీద ఒకసారి చెయ్యి వేసి, "పదండి" అన్నారు. దారిలో ఎవరం మాట్లాడుకోలేదు.

నాకు అర్థమైంది ఒక్కటే. బయటికి కనిపించే తుప్పుకి భయపడక్కర్లేదు. పైపైన ఎర్రగా ఉన్నదాన్ని గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆపొచ్చు. భయపడాల్సింది మెరిసేలా దాచిన తుప్పుకి. చూడ్డానికి వెళ్తే పగటి వెలుతురులో వెళ్ళండి, టార్చ్, అయస్కాంతం పట్టుకెళ్ళండి. ముఖ్యంగా, ఆ బండి మీద ప్రేమ లేని మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి.

చీటీ డబ్బులో కొంత డాబాకి పోయింది, అమ్మ హ్యాపీ. మిగతాది బ్యాంకులో ఉంది. నాన్న ఇంకా వెతుకుతూనే ఉన్నారు. సముద్రానికి దూరంగా ఉండే మీ ఊళ్ళలో ఎక్కడైనా అంబాసిడర్ అమ్మకానికి ఉంటే నాకు చెప్పండి. రంగు వెలిసిపోయినా పర్వాలేదు, అయస్కాంతం అంటుకుంటే చాలు.