కదలని ముల్లు

కిందటి వేసవిలో డల్లాస్ దగ్గర మా తమ్ముడింట్లో నెల రోజులు ఉండి వచ్చాను. అక్కడ నేర్చుకున్న ఒక సంగతి ఇన్నాళ్లూ మనసులోనే ఉంది. ఈ రోజు మీతో పంచుకోవాలనిపించింది.

వాడి దగ్గర 1993 నాటి మాజ్దా మియాటా ఉంది. ఇద్దరే కూర్చునే చిన్న స్పోర్ట్స్ కారు. పైకప్పు వెనక్కి మడవవచ్చు. స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు కప్పకళ్లలా పైకి లేస్తాయి. ఉద్యోగంలో కుదురుకున్న రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్నాడు.

ఒక సాయంత్రం ఇద్దరం అందులో బయలుదేరాం. ఎండ 38 డిగ్రీలు దాటింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా, ఎప్పుడూ మధ్యలో నిలిచే ఉష్ణోగ్రత ముల్లు ఒక్కసారిగా 'హాట్' వైపు లేచింది. తమ్ముడు ఇంజను వేడిని లాగేయడానికి ఆ ఎండలోనే హీటరు పూర్తిగా తిప్పి, బండి పక్కకు తీసి ఆపేశాడు.

"వైరు వదులై ఉంటుందిరా, మీటరు అబద్ధం చెబుతోంది. కాకపోతే మూత తీసి కాసిని నీళ్లు పోద్దాం" అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నయ్యా, లోపల ప్రెషరుంది. మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. అయినా నాన్న ట్రాక్టరు మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో పొగలు కక్కుతున్న ట్రాక్టరులో బోరుబావి చన్నీళ్లు కుమ్మరించాను. హెడ్ పగిలింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది దుక్కి మాత్రం కిరాయి బండితో చేయించుకున్నాడు.

బండిని టో ట్రక్కు మీద ఇంటికి చేర్చి, పొద్దున్నే చల్లబడ్డాక మొదలుపెట్టాం. ముందు నా మాటనే పరీక్షించాడు. మీటరు సెన్సారుకు ఒకటే వైరు. దాన్ని ఊడదీసి తాళం తిప్పితే ముల్లు చలి వైపు పడింది. వైరును ఇంజను లోహానికి ఆనించగానే వేడి వైపు పరుగెత్తింది. మీటరు బాగానే ఉంది. నా అనుభవమే తప్పు చెప్పింది.

తర్వాత ఫ్యాను. పరీక్ష పెట్టెలో రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపితే గిర్రున తిరిగింది. మరి సిగ్నల్ దగ్గర ఎందుకు తిరగలేదు? రేడియేటరు మూత తీస్తే జవాబు దొరికింది: కూలెంటు చాలా దిగువన ఉంది. ఫ్యానును తిప్పే స్విచ్ ఇంజను ముందు భాగంలో, పైన ఉంటుంది. నీళ్లు తగ్గేసరికి అది గాలిలో మిగిలింది. చుట్టూ వేడి నీళ్లు లేకపోతే దానికి ప్రమాదం తెలియదు.

నీళ్లు ఎటు పోయాయి? కారు కింద చుక్క లేదు. చేతి పంపుతో 13 పౌండ్ల ఒత్తిడి పెట్టి చూశాం. పంపు ముల్లు మెల్లగా దిగింది. నల్లగా ఉండాల్సిన రేడియేటరు పైతొట్టి ప్లాస్టిక్కు ముసలిదై గోధుమరంగుకు తిరిగింది. దాని అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. అక్కడ కారేది కారినట్టే ఆవిరైపోతోంది. హెడ్ గ్యాస్కెట్ కూడా పోయిందేమోనని నీలి ద్రావకంతో పరీక్షించాం. ఇంజను పొగ కూలెంటులో కలుస్తుంటే అది పసుపుకు తిరగాలి. నీలంగానే ఉండిపోయింది. బతికిపోయాం.

కొత్త రేడియేటరు, థర్మోస్టాటు, మూత వేసి, సగం కూలెంటు సగం శుద్ధి చేసిన నీళ్లు పోశాం. ముందు చక్రాలు ఎత్తి పెట్టి, హీటరు తెరిచి, గాలి బుడగలు బయటికి వచ్చేదాకా కూర్చున్నాం.

"ఇన్నాళ్లూ ముల్లు మధ్యలోనే ఉంది కదరా" అన్నాను.

"ఆ మీటరును అలాగే చేశారన్నయ్యా. కాస్త పెరిగినా తగ్గినా నడిపేవాడు కంగారుపడకూడదని ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది." కాసేపాగి, బుడగలకేసి చూస్తూనే అన్నాడు: "నాకు ఉద్యోగం పోయి ఐదు నెలలైంది."

వాడికి అక్కడి పౌరసత్వం ఉంది గనుక దేశం విడవనక్కరలేదు. అందుకే మాకెవరికీ తెలియలేదు. ఆ ఐదు నెలలూ అమ్మ మందులకు డబ్బు మాత్రం తప్పకుండా వచ్చేది. ప్రతి ఆదివారం ఫోనులో "బాగున్నావురా?" అని అడిగేవాణ్ణి. "బాగున్నానన్నయ్యా" అనేవాడు. నా మనసు తేలికయ్యేది. పది మంది కష్టాలు విని ఓదార్చేవాణ్ణని నాకు పేరు. సొంత తమ్ముడి గొంతు వెనక ఏముందో వినలేకపోయాను.

ఆ గ్యారేజీలో నేను సలహా ఏమీ చెప్పలేదు. అమ్మ మందుల ఖర్చు ఇకనుంచి నాదన్నాను. వాడు కళ్లు తుడుచుకుంటే చేతి నల్లమరక చెంపకంటింది.

ఇప్పుడు వాడు ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆదివారం ఫోను మానలేదు, ప్రశ్న మార్చుకున్నాను. "రాత్రి నిద్ర పట్టిందా? ఈ నెల గడిచిందా? దేనికి భయంగా ఉంది?" అని అడుగుతాను. ఒక్కోసారి జవాబు రావడానికి చాలా సేపు పడుతుంది. అప్పుడు ఫోను పెట్టేయను.

ప్రియులారా, మీ ఇంట్లో ఎప్పుడూ "బాగున్నాను" అనేవాళ్లు ఎవరో ఒకరుంటారు. ఈ వారం వాళ్లను ఇంకొక్క ప్రశ్న అడగండి.