సత్యవేడు దారిలో పాత బుల్లెట్టు

పిల్లలూ! తమిళనాడు సరిహద్దున ఉన్న సత్యవేడు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి మన చిత్తూరు జిల్లాలో చేరింది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నది. మీరు అటు వెళితే లారీలు లేపే దుమ్ము చూస్తారు. ఆ దుమ్మే నాకొక పాఠం చెప్పింది.

మా నాయన వాడిన పాత బుల్లెట్టుకు కార్బురేటరు అరిగిపోతే కొత్తది బిగించాను. గాలి ధారాళంగా ఆడుతుందని ఫిల్టరు తీసేశాను. బండి మొదట హుషారుగా పరుగెత్తింది. కొన్నాళ్లకు ఒకనాడు, సత్యవేడు చేరకముందే వేడెక్కి ఆగిపోయింది. విప్పి చూస్తే సిలిండరు నిండా గీతలు! నాయన గుర్తును నేనే పాడు చేశానని దిగులుపడ్డాను.

ఎందుకిలా జరిగింది? కార్బురేటరు పెట్రోలును తుంపర చేసి గాలిలో కలుపుతుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్లు గాలి కావాలి. గాలి మరీ ఎక్కువైతే ఇంజను వేడెక్కుతుంది. లోపలికి పోయిన దుమ్ము ఆకురాయిలా గీరుతుంది. మన ముక్కులో వెంట్రుకలు చేసే పనే ఫిల్టరు చేస్తుంది గదా!

కాబట్టి ఫిల్టరు మారిస్తే పెట్రోలు వచ్చే జెట్టును కూడా సరిచూడాలి. స్పార్కు ప్లగ్గు తెల్లబారితే పెట్రోలు తక్కువ, మసిబారితే ఎక్కువ, లేత గోధుమరంగైతే సరి.

సిలిండరు బాగుచేయించాను. నేటి కొత్త బళ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు. ఫిల్టరు మాత్రం ఉన్నది. దుమ్ము ఇంకా ఉన్నది మరి!